జబ్బు రాని ఇళ్లు

మా అత్తగారి పళ్లు పీకడానికి ఆదివారం ఖాయం చేశారన్న సంగతి నాకు బడిలో పిల్లలు చెప్పారు. రెండో ఎక్కం అప్పజెబుతున్న పిల్ల మధ్యలో ఆగి, "పంతులమ్మా, మీ అత్తకి ముందుపళ్లు పీకుతారంటగా, నొప్పి పుట్టదా?" అని అడిగింది. పాపం, దానికి అది నిజమైన సందేహం. నేను మాత్రం పలకలు సర్దుకోమని చెప్పి బడి వదిలేశాను.

అది యాభై తొమ్మిది వేసవి. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. నడికుడికి మూడు మైళ్ల దూరాన మా పల్లె, అరవై గడప. సగం మంది ఆదివారం చర్చికి వచ్చేవాళ్లు, సగం మంది పోలేరమ్మకు మొక్కేవాళ్లు. నీళ్లూ నిప్పూ, చావూ పుట్టుకా మాత్రం అందరికీ ఉమ్మడే. మగవాళ్లు నాపరాతి క్వారీలో పనికి పోయేవాళ్లు, మా ఆయన జయరాజు కూడా అంతే. నేను మిషను బడిలో పంతులమ్మను, పెళ్లయి రెండేళ్లు. మా అత్త జ్ఞానమ్మ పల్లె మొత్తానికీ మంత్రసాని. ఎవరింట్లో మనిషి మంచం పట్టినా తన పొయ్యి మీద జొన్నజావ కాచి ముంతలో పోసుకుని వెళ్లేది. జబ్బు మనిషిని చూసుకునే ఆడదానికి పొయ్యి రాజేసే ఓపిక ఎక్కడిది అనేది.

ఆ ఏడు ఆ మంచితనమే ఆమె మెడకు చుట్టుకుంది.

క్వారీ మేస్త్రి యల్లమంద తమ్ముడు నాగయ్య ఎక్కడో కూలిపనికి పోయి, వాంతులూ భేదులతో తిరిగొచ్చి, వచ్చిన మర్నాడే పోయాడు. ఆ తర్వాత పదిహేను రోజుల్లో పదకొండు మందికి అదే జబ్బు. ఆరుగురు దక్కలేదు. పొద్దున బిందె ఎత్తుకుపోయిన మనిషి పొద్దుగూకేసరికి కళ్లు గుంటలు పడి, గొంతు పోయి, గుర్తుపట్టలేకుండా అయ్యేది. కలరా అన్న మాట మా పల్లెలో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. పిలిస్తే పలుకుతుందని భయం.

ఆ పదకొండిళ్లలోనూ మా అత్త జావముంత దిగింది. ఆరు శవాలకూ నీళ్లు పోసిందీ ఆమే. అయినా ఆమెకు మాత్రం ఏ జబ్బూ రాలేదు. ఇంక జనానికి వేరే రుజువు ఏం కావాలి? చేతబడి అన్నారు. ముందుపళ్లు ఊడితే నోట మంత్రం పలకదని మా వైపు నమ్మకం. అంతకు మూడేళ్ల ముందు పక్కపల్లెలో ఒక ముసలామెకు పట్టుకారుతో ఆ పని చేశారు. నెత్తురు ఆగక రెండో రోజుకు ఆమె పోయింది. అందుకే ఆ పిల్ల నొప్పి గురించి అడగగానే నేను బడి వదిలేసింది.

ఇంటికి పరుగెత్తాను. జయరాజుకు అప్పటికే తెలుసు. మొహం పాలిపోయి ఉంది.

"అమా, లెయ్. మాచర్ల బండి ఎక్కిస్తా. పిన్నమ్మ ఇంట్లో నెల రోజులుండు," అంటున్నాడు.

అత్త చేటలో జొన్నలు చెరుగుతూ తల ఎత్తలేదు. "నేను పారిపోతే నేను చేసినట్టేగా. అయినా టేషను దారిలో యల్లమంద మనుషులు కూసున్నారు. నిన్ను గూడా కొడతారు. ఊరుకో."

"పీకుతారమా! నీకు అర్థమవుతుందా?"

"అరవయ్యేళ్లొచ్చినయ్యి. ఉన్నయ్యే నాలుగు," అంది. నవ్వబోయింది గానీ చెరిగిన జొన్నలే మళ్లీ చెరగసాగింది. ఆమె భయపడటం నేను చూడటం అదే మొదలు.

నిజం దాచడమెందుకు, ఆ పూట ఆమె కాచిన జావ నేను తాగలేదు. ఆకలి లేదన్నాను. బైబిలు చదివినదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, అయినా నా గొంతు దిగలేదు. ఆమె నా వంక ఒకసారి చూసి గిన్నె మీద మూత పెట్టింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ మధ్యాహ్నమే కలరా ఇన్‌స్పెక్టరు జహంగీరు గారు సైకిలు మీద వచ్చారు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, ఎండకు నల్లగా కమిలిపోయారు. నాగయ్య పోయిన నాలుగో రోజున వచ్చి మా బావిలో తెల్లటి మందు పొడి కలిపిపోయింది ఆయనే. సూదిమందు వేస్తామంటే పల్లె పల్లెంతా గుట్టల్లోకి పారిపోయింది కూడా ఆయన్ని చూసే. నేను బడి దగ్గర ఆయన కాళ్ల మీద పడినంత పని చేశాను.

"ఠాణాకి చీటీ పంపుతాను, టీచరమ్మా. ఆదివారం లోపల వస్తారో రారో చెప్పలేను," అన్నారు. కాసేపు ఆలోచించి, "మీకు మీ పల్లె ఇళ్లన్నీ గీయడం వచ్చా?" అని అడిగారు.

సుద్దముక్కతో బడి నేల మీద అరవై గళ్లు గీశాను. బావి ఇక్కడ, చర్చి ఇక్కడ, వాగు ఇటు. జబ్బుచేసిన ఇంటి మీదల్లా ఆయన ఒక చింతగింజ పెట్టించారు. పదకొండు గింజలూ మూలకొకటిగా చెదిరిపోయి ఉన్నాయి. ఆయన వాటి చుట్టూ తిరిగి తిరిగి పెదవి విరిచారు.

"బావి దగ్గరివాళ్లకు వచ్చిందా అంటే లేదు. దూరంవాళ్లకా అంటే అదీ లేదు. ఇరుగుకు వచ్చి పొరుగుకు రాలేదు. ఏందమ్మా ఇది!"

"అందుకేగదండీ చేతబడి అంటన్నారు," అన్నాను.

"చూడమ్మా. తాటిచెట్టు మీద కాకి వాలింది, పండు రాలింది. కాకి వాలబట్టి రాలిందా, రాలే పండు మీద కాకి వాలిందా? మీ అత్త వెళ్లాక జబ్బొచ్చిందా, జబ్బొచ్చాక మీ అత్త వెళ్లిందా? ఇంటింటికీ తిరిగి అది రాయండి. తేదీలు గుర్తుండవు, నాగయ్య పోయి ఎన్నో రోజు అని అడగండి. అంతకు ముందు మూడు రోజులూ నోట్లో ఏం పెట్టుకున్నారో అడగండి. ఏం చెప్పినా, ఎందుకని అని ఇంకోసారి అడగండి. తిడతారు. అయినా అడగండి."

ఆయనకు ఇంకా నాలుగు ఊళ్లున్నాయి. సైకిలు ఎక్కబోతూ వెనక్కి తిరిగారు. "ఇంకో మాట. జబ్బు రాని ఇళ్లకు కూడా వెళ్లండి. మనం ఎప్పుడూ ఏడ్చే ఇంటికే పరామర్శకు పోతాం. ఏడవని ఇంట్లో ఏం జరిగిందో ఎవరం చూడం. ఆదివారం పొద్దున వస్తాను."

గురువారం బడి వదలగానే నోటుపుస్తకం పట్టుకుని బయల్దేరాను. చావు జరిగిన ఇంటికి పోయి, ఏం తిన్నారు, ఎప్పుడు కక్కుకున్నారు అని అడగడం ఎంత పాపిష్టి పనో చేస్తేగాని తెలియదు. ఒకామె నా మీద పేడనీళ్లు చల్లింది. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. అయినా సాయంత్రానికి ఎనిమిదిళ్లు రాశాను. ఎనిమిదింటిలోనూ జబ్బొచ్చాకే అత్త వెళ్లింది. కాకి తర్వాతే వాలింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం మిగిలిన మూడిళ్లు. వాటిలో ఒకటి యల్లమందది. ఆయన భార్య రోశమ్మకు నాలుగేళ్ల కొడుకు బాలకోటి పోయి వారం కాలేదు. గడప లోపల కూర్చుని ఉంది. నేను బయట ఎండలోనే నిలబడ్డాను.

"రాసుకో. మీ అత్త నా కొడుకుని తినిందని రాసుకో," అంది.

"ఏరోజు మొదలైందక్కా?"

"మా మరిది పోయిన తొమ్మిదో రోజు. అంతకు ముందు పిల్లోడికి ఎండదెబ్బకి ఒళ్లు కాలిందంతే. ఒక్క వాంతి లేదు. మీ అత్త జావ తెచ్చింది. నీళ్లు తెచ్చింది. మర్నాటికి పిల్లోడు ఇంతయిపోయాడు."

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ముందు అత్త, తర్వాత జబ్బు. కాకే ముందు వాలింది. ఇన్‌స్పెక్టరు గారి మాట గుర్తు తెచ్చుకున్నాను.

"నీళ్లు ఆమె ఎందుకు తెచ్చిందక్కా?"

"ఎందుకేంది? మాది చావు మైల గదా. పెద్దదినం అయ్యేదాకా బాయిలోగాని చెలమలోగాని మేం చెయ్యి పెట్టకూడదుగా. ఎవురో ఒకరు తెచ్చి పొయ్యాల. మీ అత్త వాగు ఇసకలో తవ్విన చెలమ నీళ్లు తెచ్చి పోసింది."

"బాయి నీళ్లు కాకుండా చెలమయ్యి ఎందుకని?"

"బాయి నీళ్లు మందు కంపు. పిల్లోడు నోట్లో పోస్తే ఊసేశాడు. ఊరంతా వాగుకే పోతన్నారంట గదా అప్పట్నుంచీ." రోశమ్మ ఒక్కసారిగా లేచి గడప మీదికి వచ్చింది. "నువ్వు ఇదంతా మీ అత్తని బయటేయటానికి రాస్తన్నావని నాకు తెలుసు. జబ్బు మా నాగయ్య నుంచి అంటిందని చెప్తావు. చిన్నదినం నాడు వాడి బొంత ఉతికింది నేను. వాంతులు, దొడ్డికి అంతా ఆ బొంతలోనే. వాగులో రాతిగుండు పక్కన మడుగులో ఈ చేతులతోనే పిండా. నాకేం కాలా! వాడి నుంచయితే ముందు నాకు రావాలా వొద్దా? అది గూడా రాసుకో."

రాసుకున్నాను. ఆ క్షణంలో నాకేమీ తట్టలేదు. మిగతా రెండిళ్లలోనూ అదే వరస, ముందు అత్త ముంత, మర్నాడో మూడోనాడో జబ్బు. ఎనిమిది ఇళ్లు ఆమెను నిర్దోషి అంటున్నాయి, మూడిళ్లు ఉరి బిగిస్తున్నాయి. జయరాజుకు చెప్పలేదు. ఇంటికి వెళ్లాలంటేనే భయమేసి జబ్బు రాని ఇళ్లకేసి నడిచాను.

మొదటిది కుంటి వెంకమ్మది. ఒంటరిది, బావి పక్కనే గుడిసె.

"నువ్వు ఏ నీళ్లు తాగుతావు పెద్దమ్మా?"

"బాయియ్యే. కంపుగొట్టినా బాయియ్యే. నాకు కాళ్లెక్కడ ఏడిసినయ్యి వాగు దాకా పోటానికి?"

రెండో ఇంట్లో కోడలు నిండు చూలాలు, బిందె మొయ్యలేక బావి నీళ్లే. మూడో ఇంట్లో మగవాళ్లు లేరు, చెలమ తవ్వేవాళ్లు లేక బావి నీళ్లే. తర్వాత ఇళ్లవాళ్లు చెలమ నీళ్లే తాగారు, కానీ వేరే చెలమవి. అప్పుడు నాకు తట్టింది. మా పల్లెలో వాగు ఇసకలో చెలమ తవ్వుకునేది ఇరుగుపొరుగుని బట్టి కాదు, చుట్టరికాన్ని బట్టి. పల్లె ఈ చివర తల్లి, ఆ చివరికిచ్చిన కూతురు, ఇద్దరిదీ ఒకే చెలమ. నేల మీద చింతగింజలు చెదిరి కనిపించింది అందుకే. పరుగున బడికి పోయి సుద్దగళ్ల మీద వేలు పెట్టి వరసలు కలుపుకుంటూ పోయాను. పదకొండు గింజల్లో ఎనిమిది యల్లమంద చుట్టాలవే. వాళ్లది వాగులో రాతిగుండు కింద తవ్విన చెలమ, గుండుకింద చెలమ అనేవాళ్లు. మిగతా మూడిళ్లూ మంచం పట్టో మైల పట్టో గడప దాటలేనివి. వాళ్లకు నీళ్లు మోసింది మా అత్త. అదే చెలమ నుంచి.

నాగయ్య పోయిన మూడో రోజున రోశమ్మ గుండు పక్క మడుగులో బొంత పిండింది. అప్పటికి అక్కడ చెలమే లేదు. మైలగుడ్డలు ఉతకడానికి పోయే ఆడవాళ్లకు ఎవరూ ఎదురుపడరు, తలుపులు వేసుకుంటారు. కనుక ఆమె ఎక్కడ ఉతికిందో ఎవరూ చూడలేదు. నాలుగో రోజున బావిలో మందు పడింది. అయిదో రోజున చుట్టాలంతా వెళ్లి సరిగ్గా ఆ గుండు కిందే చెలమ తవ్వారు. మైలలో గడప లోపల ఉన్న రోశమ్మకు వాళ్లు ఎక్కడ తవ్వారో తెలియదు. తెలిస్తే ఒక్క కేక వేసి ఆపేదే.

ఇంటికి వెళ్లి అత్తను అడిగాను. "అత్తా, నువ్వు గూడా ఆ గుండుకింద చెలమ నీళ్లు తాగావా?"

"లేదు. మనింట్లో బాయియ్యేగా."

"మరి వాళ్లకి చెలమయ్యి ఎందుకు మోశావు?"

"మంచి నీళ్లు జబ్బు మనుషులకి గదంటే ముందు. వాళ్ల పిల్లలందరికీ బొడ్డు కోసింది నేనని ఆ చెలమలో నన్ను ముంచుకోనిచ్చారు. మోసుకొచ్చిందంతా ఇళ్లకి సరిపొయ్యేది. నాకు కంపు నీళ్లయినా ఒకటే."

ఆమెకు జబ్బెందుకు రాలేదని పల్లెంతా అడుగుతున్న ప్రశ్నకు జవాబు అదీ. ఆమెకు నేను సంగతంతా చెప్పలేకపోయాను. ఆ పూట ఆమె జావ కాచి ఇస్తే రెండు గిన్నెలు తాగాను.

ఆదివారం చర్చిలో పాట సగంలో ఉండగానే బయట జనం మూగారు. యల్లమంద తుండుగుడ్డలో పట్టుకారు చుట్టి తెచ్చాడు. జహంగీరు గారు వచ్చారు గానీ పోలీసులు రాలేదు. ఆయన నా పుస్తకం నిలబడే చదివి, మెల్లగా మూసి, నా చేతికిచ్చారు. "మీరే చదవండి. నేను చదివితే సర్కారు మాట అవుద్ది," అన్నారు.

మెట్ల మీద నిలబడ్డాను. వెనక అత్త, ఆమె ముందు జయరాజు. చదవడం మొదలుపెట్టాను. ఏ ఇల్లు, ఎన్నో రోజు జబ్బు, ఎన్నో రోజు అత్త వెళ్లింది. ప్రతి పేరు దగ్గరా ఆ ఇంటివాళ్లను అవునా కాదా అని అడిగాను. ఎనిమిది సార్లు అవునన్నారు. జనంలో గుసగుసలు లేచాయి.

"ఎనిమిదేగా. కడమ మూడిళ్ల సంగతేంది?" అన్నాడు యల్లమంద. మేస్త్రి గదా, లెక్క తప్పడు.

అబద్ధం చెప్పనూ లేను, నిజం చెబితే ఏమవుతుందో ఊహించనూ లేను. వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

"ఆ మూడిళ్లకి జబ్బుకంటే ముందే పోయా. గుండుకింద చెలమ నీళ్లు నేనే తీసకపోయి పోశా. ఏందమ్మాయ్, ఆ నీళ్లేనా?"

ఆమె నన్ను అడుగుతోంది. పట్టుకారును గాని, ఆ జనాన్ని గాని ఆమె చూడటం లేదు. నేను తల ఊపాను. ఆమె మెట్టు మీద కూలబడింది.

"జబ్బొచ్చింది మంత్రంతో కాదు. పదకొండిళ్లూ ఆ చెలమ నీళ్లే తాగినయ్యి. బాయి నీళ్లు తాగిన ఒక్క ఇంట్లోనూ రాలేదు. కావాలంటే వెంకమ్మ పెద్దమ్మని అడగండి," అన్నాను.

"ఆ చెలమలో ఏముంది?" అన్నాడు యల్లమంద.

"జబ్బు మనిషి గుడ్డలు అక్కడ తడిసినయ్యి."

"ఎవురు తడిపారు?"

మైలలో ఉండి కూడా వచ్చిన రోశమ్మ ఆడవాళ్ల గుంపుకు ఎడంగా నిలబడి ఉంది. ఆ ప్రశ్న పూర్తి కాకముందే ఆమె మొహంలో నెత్తురు ఇంకిపోవడం చూశాను. పల్లె మొత్తంలో ఆ జవాబు తెలిసినవాళ్లం ఇద్దరం ఆడవాళ్లం, మూడో మనిషి రోశమ్మ ఇంటి సంగతి నా పుస్తకంలో చదివిన ఇన్‌స్పెక్టరు గారు. అంతమంది కోపం ఒక్క పేరు కోసం కాచుకుని ఉంది. ఆ పేరు చెబితే మా అత్త ఆ క్షణంలో గట్టెక్కుతుంది.

"తెలవదు," అన్నాను.

జహంగీరు గారు ముందుకొచ్చారు. "అది తర్వాత సంగతి. మొదటి తప్పు నాది. బావిలో మందు ఎందుకో మీకొక్క ముక్క చెప్పకుండా పోసి వెళ్లిపోయాను. మీరు చెలమకు పోయింది దానివల్లే. అడగాల్సింది నన్ను," అన్నారు. ఆయన చొక్కా చెమటకు వీపున అతుక్కుపోయి ఉంది. మా అందరిలాగే ఆయనా భయపడుతున్నారని నాకప్పుడే తెలిసింది.

చివరికి యల్లమంద తుండుగుడ్డ చుట్ట చంకలో పెట్టుకుని, "అయితే బాయి నీళ్లు తాగొచ్చా?" అని అడిగాడు.

"తాగొచ్చు. కాచుకుని తాగితే ఇంకా మంచిది."

ఆ సాయంత్రమే మగవాళ్లు వెళ్లి గుండుకింద చెలమ పూడ్చేశారు. ఆ వారంలోనే పల్లెంతా సూదిమందుకు చెయ్యి చాపింది. ఇంకెవరూ పోలేదు. మా అత్త మీద ఒక్క చెయ్యి పడలేదు. అయినా ఆమె మాత్రం మూడు రోజులు ముద్ద ముట్టలేదు. "ఆ మూడిట్లో పసోడు గూడా ఉన్నాడే," అనేది, అంతే. జయరాజు బతికిపోయామని ఊపిరి పీల్చుకుంటుంటే, నేను ఆమె పక్కన కూర్చుని కాళ్లు పిసికేదాన్ని.

ఆ తర్వాతి బుధవారం బడి వదిలి తలుపు వేస్తుంటే రోశమ్మ వచ్చింది. లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది.

"ఆ పుస్తకం తియ్యి, పంతులమ్మా."

తీశాను.

"గుడ్డలు ఉతికినోళ్ల పేరు రాశావా అందులో?"

"ఉతికిన సంగతి రాశాను. పేరు రాయలా అక్కా."

"రాయి."

"వొద్దక్కా. ఇంకెవురూ అడగరు. నువ్వు కావాలని చేసింది కాదు. అప్పుడక్కడ చెలమే లేదు."

"మీ అత్త అంతమందిలో లేచి చెప్పింది. నేను తల దించుకుని నిలబడ్డా." ఆమె గొంతులో కోపం లేదు. "రాయి, నాకు చదువు రాదు గదా, నేను రాసుకోలేను."

రాశాను. ఆమె పుస్తకం తన వైపు తిప్పుకుంది. "ఇదేనా నేను?" అని వేలు పెట్టింది. అవునన్నాను.

"మావోడెక్కడ?"

చూపించాను. రెండో చేతి వేలు ఆ పేరు మీద పెట్టింది. రెండు వేళ్లూ ఎత్తకుండా వాటి మధ్య ఉన్న సందు చూసింది.

"చానా దగ్గిరగా రాశావు, పంతులమ్మా," అంది.